అబ్దోన్ గారి కొసరు

మా కోడలు ఎల్సీరాకు పుట్టినప్పటి నుంచీ చెవులు వినపడవు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. తర్వాత చెబితే జనం అయ్యో పాపం అంటూ మొహం వేలాడేస్తారు, ఆ మొహాలు చూస్తే నాకు ఒళ్ళు మండుకొస్తుంది. ఎల్సీరా నాకంటే చురుకైన మనిషి. చేతులతో మాట్లాడుతుంది, చేతులతోనే తిడుతుంది. సైగల్లో నాకొక పేరు పెట్టింది. బొటనవేలూ చూపుడువేలూ కలిపి గాలిలో ఒక పోటు పొడుస్తుంది, అంటే సూది. లీమాలో బట్టల బజారు గమార్రాలో కుట్టుమిషను పెట్టుకుని బతుకుతున్నాను కాబట్టి అలా పెట్టానంటుంది గానీ, నా నోటి సంగతి చూసే పెట్టిందని నా అనుమానం.

నేను చెప్పాలనుకున్నది నిజానికి పారూరో వీధిలో ఎలక్ట్రానిక్ సామాను అమ్మే అబ్దోన్ యౌరి గారి గురించి. కాకపోతే ఆయన దగ్గరికి నన్ను తోలింది ఎల్సీరాయే, అందుకని ఆమెతోనే మొదలుపెట్టాలి.

మా అబ్బాయి రోలాందో రొట్టెల బట్టీలో రాత్రిపూట పని చేస్తాడు. ఆ ఏడు చలికాలం మొదట్లో వాళ్ళకు పాప పుట్టింది, అంపారో అని పేరు పెట్టుకున్నారు. వాడు పనికి వెళ్ళాక ఆ గదిలో తల్లీ పిల్లా ఇద్దరే. పిల్ల ఏడిస్తే తల్లికి ఎలా తెలుస్తుంది? కొన్నాళ్ళు నేను వెళ్ళి పడుకున్నాను. నేను నిద్రపోయానంటే ఇల్లు కూలినా లేవను. పక్కవాటా వాళ్ళు వచ్చి తలుపు బాదితే అప్పుడు లేచేదాన్ని, ముందు నేను, నా తర్వాత కోడలు.

ఈ సంగతి కొండల్లోని ఉవాంకాయోలో ఉన్న ఎల్సీరా మేనత్త ప్రాక్సెదెస్ చెవిన పడింది. ప్రాక్సెదెస్ చెడ్డది కాదు. తల్లి పోయిన ఎల్సీరాను ఒంటిచేత్తో పెంచింది, కోళ్ళమ్మి చెవిటిపిల్లల బడిలో చదివించింది. ఆ హక్కుతోనే కబురు పంపింది. చలికాలం వెళ్ళేలోగా వచ్చి పాపను కొండ మీదికి తీసుకుపోతుందట, నడక వచ్చి తల్లిని తనే తట్టి లేపగలిగే దాకా తన దగ్గరే ఉంచుకుంటుందట. రోలాందో తల దించుకున్నాడు. ఆమె అన్నదాంట్లో తప్పేమీ వాడికి కనపడలేదు, నిజం చెప్పాలంటే నాకూ కనపడలేదు. ఎల్సీరా మాత్రం రెండు రోజులు ఎవరితోనూ సైగ కూడా చెయ్యలేదు. మూడోనాడు నా ముందు కూర్చుని నెమ్మదిగా, నాకు అర్థమయ్యేలా చెప్పింది.

"నాకు కాపలా మనిషి వద్దు. నన్ను లేపే వస్తువు కావాలి. నువ్వు అన్నీ కుడతావు కదా, ఇదీ కుట్టు."

అలాంటివి తయారుగా దొరుకుతాయట గానీ మా చేతికందేవి కావు. ఫోన్లో వీడియోలు చూశాను. ఏడుపు వినే చెవి ఒకటి, తలగడను ఊపే మోటారు ఒకటి, మధ్యలో బుర్రలా పనిచేసే చిప్పు ఒకటి ఉంటే చాలన్నారు. ఆ బుర్రని మైక్రోకంట్రోలర్ అంటారని అప్పుడే తెలిసింది. వీడియోలో కుర్రవాడు చూపించింది నా అరచెయ్యంత పలక. దాన్ని ఫోటో తీసుకుని శనివారం పారూరోకి బయలుదేరాను.

అక్కడ ఒకే కప్పు కింద దుకాణాలన్నీ ఉండే బజారుని గ్యాలరీ అంటారు. గుమ్మం దగ్గర దుకాణాలన్నీ అద్దాలూ, రంగు దీపాలూ. వాళ్ళని ఒక ప్రశ్న అడిగితే ఒక పెట్టె ముందు పెడతారు, రెండో ప్రశ్న అడిగితే వెనకున్న మనిషి వైపు చూస్తారు. అలా ఒక్కొక్క దుకాణమే దాటుకుంటూ మెట్ల కిందికి చేరాను. అక్కడొక ఇరుకు గూడు. గోడ నిండా చిన్న చిన్న సొరుగులు, ముందు ఒక బల్ల, బల్ల వెనక బూడిదరంగు స్వెట్టరు తొడుక్కున్న ముసలాయన. స్వెట్టరుకు నడిమి బొత్తాం లేదు. నా కన్ను ముందు దాని మీదే పడింది.

ఫోటో చూపించి, అన్నిటికన్నా మంచి మైక్రోకంట్రోలర్ ఇవ్వమన్నాను.

"అన్నిటికన్నా మంచి గిన్నె ఏదమ్మా?" అన్నాడాయన.

"ఏం వండాలో చెప్పకుండా గిన్నె సంగతి నేనెలా చెప్పను?"

"నా బాధా అదే."

ఫోటో పక్కకు నెట్టి మూడు ప్రశ్నలు అడిగాడు. నేను చెయ్యబోయేది ఏం వింటుంది? ఏం కదుపుతుంది? ఏం తింటుంది? ఎవరు ఏ సామానుకి వచ్చినా ఆయన ఈ మూడూ అడగందే సొరుగు తెరవడని తర్వాత తెలిసింది. కొందరు విసుక్కుని వెళ్ళిపోయేవారు. ఆయన వాళ్ళని పిలిచేవాడు కాదు.

నేను చెప్పాను. పిల్ల ఏడుపు వినాలి, తలగడ ఊపాలి, ఫోను చార్జరు కరెంటు తింటుంది. ఎవరి పిల్ల అని అడిగాడు. అదీ చెప్పాను. అయ్యో అనలేదు. తల్లికి నిద్ర గాఢమా, తేలికా అని మాత్రం అడిగాడు. ఆ ఒక్క మాటతోనే ఆయన నాకు నచ్చేశాడు.

తర్వాత బల్ల మీద వేలితో లెక్క మొదలుపెట్టాడు. చెవికి ఒక కాలు, మోటారుకి ఒక కాలు, ఆపే మీటకి ఒకటి, పని చేస్తోందని చూపే దీపానికి ఒకటి. కరెంటు తినడానికి రెండు. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టమని చెప్పడానికి ఒకటి. సొరుగులోంచి నల్లటి చిన్న చిప్పు తీసి నా అరచేతిలో పెట్టాడు. కందిరీగంత ఉంది, ఎనిమిది కాళ్ళు, ఆయన లెక్కకి ఒకటి మిగులు.

"ఇదేంటండీ, ఫోటోలో దానికి బోలెడు కాళ్ళున్నాయి. దీనికి ఎనిమిదేనా?"

"సాలీడుకీ ఎనిమిదే. దానికేం తక్కువైంది?"

పెద్దది కావాలంటే ముందు దుకాణాల్లో ఉంది, కొనుక్కోవచ్చన్నాడు. ఖాళీగా వేలాడే కాళ్ళన్నిటికీ కూడా నేనే కాపలా కాయాలన్నాడు. ఆ మాట నాకు బాగా ఎక్కింది. జేబుల్లేని చొక్కాకి జేబు గుడ్డ కొనను కదా, ఇదీ అంతే అనుకున్నాను.

సామాను కాగితంలో పొట్లం కట్టి, చివర్లో ఏదో చిన్నది చిటికెతో అందులో పడేశాడు. "కొసరు" అన్నాడు. మా దగ్గర కొసరు లేనిదే బేరం ముగియదు. బంగాళాదుంపలు కొంటే ఇంకో దుంప, బట్ట కొంటే నాలుగు బొత్తాలు. ఈయన కొసరు కందిపప్పు బద్దలా ఉంది, రెండు తీగలు వేలాడుతున్నాయి.

ఆ కొసరు అలవాటు ఆయన భార్య లెయోన్సియాదట. అబ్దోన్ గారిది గనుల ఊరు లా ఒరోయా. తండ్రి గని దీపాలు బాగుచేసేవాడు. ఈయన లీమాకు వచ్చి రేడియోలు బాగుచేశాడు, జనం రేడియోలు బాగుచేయించుకోవడం మానేశాక విడి సామాను అమ్మకానికి దిగాడు. లెయోన్సియా గ్యాలరీ గుమ్మంలో ఉడికించిన మొక్కజొన్న కంకులూ జున్నుముక్కలూ అమ్మేది. కొసరు వెయ్యనివాడి మొహం ఎవరూ రెండోసారి చూడరని ఆవిడ రోజూ పోరితే, చివరికి ఈయనా మొదలుపెట్టాడు. పిల్లలు లేరు. ఆవిడ పోయాక బల్ల వెనకే తిండీ, బల్ల వెనకే కునుకు. ఆయన బల్ల ఇవతలికి రాగా చూసినవాళ్ళు గ్యాలరీలో లేరని పక్క గూటిలో వైర్లమ్మే ఆవిడ చెప్పింది.

ఆ చలికాలమంతా శనివారం శనివారం వెళ్ళాను. తుంపరలో తడిసిన శాలువాతో ఆ బల్ల ముందు నిలబడి, సిగ్గు విడిచి ఎన్ని అడిగానో. రెసిస్టర్‌కి తల ఎటు, తోక ఎటు? దానికి రెండూ లేవు, ఎటు తిప్పి పెట్టినా ఒకటే, దీపానికి మాత్రం పొడుగు కాలూ పొట్టి కాలూ చూసుకోవాలన్నాడు. దీపం ముందు రెసిస్టర్ ఎందుకు? లేకపోతే దీపం వద్దనేవాళ్ళు లేక తాగి తాగి చస్తుంది. మోటారును చిప్పుకే తగిలించకూడదా? చిప్పు చెయ్యి చిన్నది, తలుపు గడియ తియ్యగలదు గానీ బండి లాగలేదు, ఆ బరువు ట్రాన్సిస్టరుకి అప్పజెప్పు. కరెంటు కొట్టి చస్తానా? ఈ కరెంటుకి ఈగ కూడా చావదు, అతుకులు వేసే ఆ వేడి సాల్డరింగ్ కడ్డీని మాత్రం గుడ్డ అంచనుకుని పట్టుకోకు. ప్రశ్నను చూసి ఆయన ఏనాడూ నవ్వలేదు. మనిషిని చూసి మాత్రం బాగానే నవ్వేవాడు.

చిప్పులోకి ఎక్కించే ఆజ్ఞలు ఆయనే టైపు చేశాడు. మందబుద్ధి పనిపిల్లకు చెప్పినట్టు వరసగా చెప్పమన్నాడు, అది నాకు వెన్నతో పెట్టిన విద్య. ఏడుపు కాసేపు సాగితేనే తలగడ ఊపు. పాత ఇనుము కొంటామని మైకులో అరుచుకుంటూ పోయే బండికి ఊపకు. మీట నొక్కేదాకా ఆపకు. ఆ మీట ఎక్కడుండాలో ఎల్సీరా చెప్పింది. తన మంచం దగ్గర కాదు, ఉయ్యాల కాలికి పెట్టమంది. మంచం దగ్గరుంటే నిద్రలోనే నొక్కేసి పడుకుంటానంది. ఈ మాట చెబితే అబ్దోన్ గారు చాలాసేపు తల ఊపాడు.

సాల్డరింగ్ నా చేతికి తొందరగానే అబ్బింది. గుండీ కన్నాలు కుట్టిన చెయ్యి కదా. అంతా అతికించి, తలగడ లోపల జేబు కుట్టి మోటారు పెట్టి, రోలాందోని ఆ ఏడుపు వినే చెవి దగ్గర ఏడవమన్నాను. వాడు పిల్ల కంటే బాగా ఏడ్చాడు. తలగడ ఒక్కసారి ఉలిక్కిపడింది, ఆగింది. మళ్ళీ ఉలిక్కిపడింది, ఆగింది. అంతే. ఎల్సీరా తల ఆనించి చూసి, దీనికి ఎక్కిళ్ళు పట్టాయి, నీళ్ళు తాగించమంది. అందరం నవ్వాం. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు, ఆ ఎక్కిళ్ళకు నిద్రలో ఉన్న మనిషి లేవదని అందరికీ తెలుసు.

మోటారు మార్చాను. చార్జరు మార్చాను. అతుకులన్నీ విప్పి మళ్ళీ అతికించాను. అవే ఎక్కిళ్ళు. ఈలోగా ప్రాక్సెదెస్ ఫలానా ఆదివారం బస్సుకి వస్తున్నానని కబురు పంపింది. ఎల్సీరా పిల్ల బట్టలు ఉతికి, మడత పెట్టి, మంచం మీద పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చునేది.

ఆ ముందురోజు శనివారం అబ్దోన్ గారి బల్ల మీద ఆ సరంజామా అంతా దబ్బున పడేశాను.

"మీ సాలీడు పనికిమాలింది. మీ మాట వినకుండా పెద్దదే కొనుక్కోవాల్సింది. రేపు మా పిల్లని తీసుకుపోతారు."

ఆయన మీటరు తీసి ఒక్కొక్క అతుకూ తాకి చూశాడు. బాగా అతికించావన్నాడు. చార్జరు చూశాడు, మోటారు చూశాడు. చిప్పు దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. కళ్ళజోడు పైకి తోసుకుని మళ్ళీ చూశాడు.

"పప్పుబద్ద ఏదమ్మా?"

"ఏ పప్పుబద్ద?"

"పొట్లంలో వేశానే. చిప్పు తిండి కాళ్ళు రెండిటి మధ్యా ఉండాలి కదా."

"అది కొసరు కదా! ఇంట్లో బొత్తాల డబ్బాలో వేశాను. మీరిచ్చినవన్నీ అందులోనే ఉన్నాయి."

ఆయన మీటరు బల్ల మీద పెట్టేశాడు.

"కొసరుగా ఇచ్చాను కాబట్టి అక్కర్లేదనుకున్నావా, డెల్ఫీనమ్మా?"

"అక్కరకొచ్చేదాన్ని ఎవరైనా ఊరికే ఇస్తారా, అబ్దోన్ గారూ?"

ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. తప్పు తనదేనన్నాడు. ఇన్నేళ్ళూ తన దగ్గరికి వచ్చినవాళ్ళు ఎక్కువమంది పని తెలిసినవాళ్ళు, చిప్పు కొంటే పప్పుబద్ద ఎక్కడ పెట్టాలో వాళ్ళకి చెప్పక్కర్లేదు. అందరికీ కావలసిందే కదా, చవకే కదా అని దాన్ని కొసరు కింద మార్చింది తనే. తెలియనివాళ్ళకి కూడా అలాగే నోరు మూసుకుని ఇస్తూ వచ్చాడు. అలా ఇంకెంతమంది చేసింది ఎక్కిళ్ళు పెట్టిందో, చేతకాదనుకుని ఎంతమంది మానేశారో అని తనలో తను అనుకున్నట్టు అన్నాడు. నాకు కోపమంతా దిగిపోయింది.

సంగతేమిటో అప్పుడు చెప్పాడు. మోటారు తిరగడం మొదలుపెట్టగానే కరెంటును ఒక్క గుక్కలో లాగేస్తుంది, పైగా ఊరికే రొద చేస్తుంది. ఆ రెప్పపాటు చిప్పుకి తిండి ఉండదు. స్పృహ తప్పి లేచి, అప్పుడే పుట్టినట్టు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడుతుంది. పప్పుబద్ద కెపాసిటరు. చిప్పు నోటి దగ్గర ఒక ముద్ద దాచిపెట్టి, ఆ రెప్పపాటు దానికి తినిపిస్తుంది. మోటారు దగ్గర కూడా ఒకటి పెట్టమన్నాడు, రొద అక్కడే అణిగిపోతుందట. కరెంటు పోతే ఎలా అని అప్పుడే నన్నడిగి, బ్యాటరీ ఎలా తగిలించాలో కూడా చూపించాడు.

ఇంకో రెండు పప్పుబద్దలు ఇవ్వబోతే నేను తీసుకోలేదు. మీరిచ్చినవే ఉన్నాయి, దాచినవి పారెయ్యను కదా అన్నాను. ఇంటికి వెళ్ళి బొత్తాల డబ్బా బల్ల మీద బోర్లించాను. ముత్యపు బొత్తాల మధ్య, కొయ్య బొత్తాల మధ్య పప్పుబద్దలు. ప్రతి శనివారం ఒకటి ఇచ్చాడు ఆయన. అంతకాలం నా దగ్గరే ఉన్నాయి. ఎల్సీరా తీగలు వంచి పట్టుకుంది, నేను అతికించాను. రోలాందో ఏడ్చాడు. తలగడ ఊగింది, ఊగుతూనే ఉంది, వాడు నోరు మూసినా ఊగుతూనే ఉంది. ఎల్సీరా దాన్ని ఎదకు హత్తుకుని, మీట నొక్కకుండా అలాగే కూర్చుంది. నేనూ నొక్కలేదు.

ఆదివారం ప్రాక్సెదెస్ వచ్చింది, పిల్ల కోసం ఉన్ని దుప్పటి కూడా తెచ్చింది. భోజనాలయ్యాక నేను చెప్పాను. ఎల్సీరా ఎలాగూ మధ్యాహ్నం కునుకు తీస్తుంది, మనం ఎవరం కదలకుండా చూద్దాం, తర్వాత నీ ఇష్టం. ఆమె కుర్చీలో, ఒళ్ళో సంచి పెట్టుకుని కూర్చుంది. ఎల్సీరా పొద్దుటి నుంచీ పడ్డ అలసటకి ఇట్టే నిద్రపోయింది. పాప లేచింది. ముందు మూలిగింది, తర్వాత గొంతెత్తింది. ప్రాక్సెదెస్ కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయింది. ఆమె పూర్తిగా నిలబడేలోగానే ఎల్సీరా కళ్ళు తెరిచి, ఉయ్యాల దగ్గరికి వెళ్ళి, మీట నొక్కి, పిల్లను భుజాన వేసుకుంది. మా వైపు చూడనైనా లేదు.

ప్రాక్సెదెస్ మంచం దగ్గరికి వెళ్ళి, తలగడ మీద చెంప ఆనించి, నన్ను పాపలా ఏడుపు చప్పుడు చెయ్యమంది. చేశాను. తలగడ ఊగుతుంటే ఆమె అలాగే కళ్ళు మూసుకుని ఉంది.

"కరెంటు పోతేనో, వదినా?" అంది తల ఎత్తి.

బ్యాటరీ చూపించాను. ఆమె సంచిలో అప్పటికే సర్దుకున్న పిల్ల బట్టలు ఒక్కొక్కటే తీసి మళ్ళీ మంచం మీద పెట్టింది. దుప్పటి మాత్రం ఉయ్యాలలో పరిచింది. ఎల్సీరా వచ్చి ఆమె మెడ చుట్టూ చేతులు వేసింది. తనను పెంచిన చేతుల మీద ఆమెకు ఎప్పుడూ కోపం లేదు. సాయంత్రం బస్సుకి ప్రాక్సెదెస్ ఒక్కతే వెళ్ళింది.

ఎండలు వచ్చాక, పుట్టువెంట్రుకలు తీయించే వేళకి, జ్ఞానతండ్రి ఎవరన్న మాట వచ్చింది. తొలి కత్తెర వేసేది ఆయనే, పిల్లకి జీవితాంతం ఒక పెద్దదిక్కు కూడా ఆయనే. రోలాందో తన బట్టీ యజమాని పేరు చెప్పాడు. ఎల్సీరా ఒప్పుకోలేదు. అరచేతిలో చిటికెతో ఏదో వేసినట్టు చేసి చూపించింది, అంటే కొసరు వేసే అబ్దోన్ గారు. ఆయనని ఆమె అప్పటిదాకా చూడనే లేదు, ఆ పేరు తనే పెట్టుకుంది.

శనివారం ఎల్సీరా, పాప, నేను ముగ్గురం వెళ్ళాం. మెట్ల కింద ఆ గూడు అలాగే ఉంది. ఎవరో చిప్పు కొంటున్నారు. అబ్దోన్ గారు దానికి పప్పుబద్దను దారంతో కట్టి మరీ ఇస్తున్నాడు. ఇప్పుడు ఎవరికైనా అలాగే ఇస్తాడట, ఇది విప్పి బొత్తాల డబ్బాలో వేసుకోవద్దని ఒక మాట కూడా చెబుతాడట. వైర్లమ్మే ఆవిడ నన్ను చూసి కిసుక్కున నవ్వింది. ఆ డబ్బా మనిషిని నేనేనని గ్యాలరీ అంతా తెలిసిపోయింది.

ఎల్సీరా పిల్లని బల్ల మీద కూర్చోబెట్టింది. ఎందుకొచ్చామో నేను నోటితో చెప్పాను. ఆయన అలవాటైన మాటల్లోకే దూరాడు.

"ఇది ఏం వింటుంది?" అన్నాడు, పిల్లని చూపించి.

ఎల్సీరా ఆయన పెదవులు చూసి చేతులతో జవాబిచ్చింది, నేను చెప్పాను. అన్నీ వింటుంది, నా వంతు కూడా.

"ఏం కదుపుతుంది?"

ఉవాంకాయో వెళ్ళాల్సిన తన బట్టల్ని సంచిలోంచి వెనక్కి కదిపింది, అంది ఎల్సీరా.

"ఏం తింటుంది?"

నన్నే, అంది ఎల్సీరా, ఎద మీద చెయ్యి పెట్టుకుని.

నేను ఇంటి నుంచి సూదీ దారం, డబ్బాలోంచి ఒక బొత్తామూ తెచ్చుకున్నాను. స్వెట్టరు ఇలా ఇవ్వండి, జ్ఞానతండ్రి నడిమి బొత్తాం లేకుండా కత్తెర పట్టకూడదు అన్నాను. ఆయన స్వెట్టరు విప్పలేదు. బల్లకి ఉన్న చిన్న పలక పైకెత్తి, నడుం వంచుకుని ఇవతలికి వచ్చాడు. చేతులు స్వెట్టరుకు తుడుచుకుని, పిల్ల కోసం చాపాడు.